రెండుంబావు

పుంటా అరేనాస్ రేవు. కంట్రోల్ గది. రాత్రి డ్యూటీ.
నా ముందు ఆరు తెరలు,
ఆరింటికీ ఆరు నోళ్లు.

గాలి నలభై రెండు నాట్లు, అంటుంది ఒకటి.
ఆ మాట విన్నానని నొక్కమంటుంది పక్కది.
నొక్కానో లేదో కనుక్కుంటూ
వల్పరైసో నుంచి ఈమెయిలు.
పద్నాలుగో దీపానికి బ్యాటరీ తక్కువట.
సెలవులో ఉన్నానని ఒకాయన అందరికీ రాస్తే
అందరూ అందరికీ పంపిన ధన్యవాదాలు,
ముప్పై ఎనిమిది.

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే పని తగ్గుతుందన్నారు.
తగ్గింది.
ఇదివరకు సముద్రాన్ని చూసే పని ఉండేది.
ఇప్పుడు కిటికీకి తెర దించేశారు,
తెరల మీద వెలుగు పడుతోందని.

చేతనైనంత చేశాను నేనూ.
ఎర్రవి ఒక పక్క, పసుపువి ఒక పక్క,
ఫోల్డర్లో ఫోల్డరు, దాన్లో ఇంకోటి.
చేట పట్టుకుని రాత్రంతా చెరిగాను.
చెరిగేకొద్దీ పొల్లే
గింజ బరువు తెచ్చుకుంది.

నా కంటే ముందు ఈ కుర్చీలో
కార్కమో ముప్పై ఏళ్లు కూర్చున్నాడు.
పోతూ పోతూ ఒక నోటు పుస్తకం వదిలాడు.
రాత్రికి ఒక్క వాక్యం.
చాలా రాత్రులది ఒకటే వాక్యం:
"పిలవాల్సిన వాళ్లందరూ పిలిచారు."
నవ్వుకున్నాను.
ముప్పై ఏళ్ల జీతానికి ఇదా రాత అని.

జూన్. ఇక్కడ నడి చలికాలం.
రాజపీతల పడవ గొలొండ్రీనా నుంచి
ఎలియేసర్ బర్రియా
రోజూ రెండుంబావుకి రేడియోలో వస్తాడు.
"కంట్రోల్, గాలెలా ఉంది?"
గాలిలో ఉన్నది తను.
నాలుగ్గోడల మధ్య ఉన్నది నేను.
అయినా నన్నడుగుతాడు, నేను చెబుతాను,
"సరే సరే" అంటాడు, అంతే.
అవసరం లేని పిలుపులు తగ్గించమని
మా పైవాడు ఇగ్నాసియో మెమో కూడా పంపాడు.
బర్రియాకి చెబుదామనుకుంటూనే ఉన్నాను.

ఆ రాత్రి గాలి తిరిగింది.
తెరలన్నీ ఒక్కసారి పూనకం వచ్చినట్టు ఊగాయి.
నూట పదిహేడు హెచ్చరికలు,
విన్నాను, నొక్కాను, విన్నాను, నొక్కాను,
మాతే చల్లారిపోయింది, నొక్కాను,
గొంతులో చేపముల్లులా మాత్రం ఏదో
దిగదు, రాదు.

నొక్కుతున్న చెయ్యి ఆపాను.
ఒక్కో తెర నోరూ మూశాను.
ఆరోది మూశాక
గది ఎంత పెద్దదో తెలిసింది.
గోడ గడియారం రెండు ముప్పై ఒకటి.

బర్రియా పిలవలేదు.

అంత చిన్న పడవకి నా తెరల మీద చుక్క ఉండదు.
చుక్క లేనివాడు మునిగితే హెచ్చరికా ఉండదు.
గొలొండ్రీనా, గొలొండ్రీనా, అన్నాను.
గరగర.
మళ్లీ అన్నాను.
కిటికీ తెర లాగి, చీకట్లోకి, మైకు లేకుండా కూడా
ఒకసారి అన్నాను, పిచ్చిదానిలా.
తర్వాత గస్తీ పడవని లేపాను.

నాలుగుంపావుకి దొరికారు.
ఇంజను గదిలో మోకాటి లోతు నీళ్లు,
రేడియో తడిసి చచ్చింది,
వంట గిన్నెలతో తోడుతున్నారు ఇద్దరూ,
బర్రియా, వాడి మేనల్లుడు.

పొద్దున రిపోర్టు నింపాలి.
"ఏ హెచ్చరిక ఆధారంగా స్పందించారు?"
కింద పదకొండు జవాబులు, ఒకటి ఎంచుకోవాలి.
పిలవకపోవడం అన్నది వాటిలో లేదు.
ఖాళీగా వదిలేశాను.
రిపోర్టు అసంపూర్తిగా ఉందని
మధ్యాహ్నానికి ఆరు గుర్తు చేతలు.

మర్నాడు రాత్రి, అరువు రేడియోతో,
ఐదు నిమిషాలు ఆలస్యంగా:
"కంట్రోల్, గాలెలా ఉంది?"

ఒక్క క్షణం ఆగమన్నాను.
లేచి కిటికీ దగ్గరికెళ్లి
చూసొచ్చి చెప్పాను.